ఇస్తాంబుల్‌లో ఆరు రోజులు, రెండు కార్డులు

మొదటి రోజు

ఇస్తాంబుల్‌లో ఉండబోయే ఆరు రోజుల్లో ఒక్కసారి కూడా టాక్సీ ఎక్కకూడదని అమ్మా నేనూ బయలుదేరకముందే అనుకున్నాం. ఖర్చు తగ్గుతుందన్న ఆలోచన లేకపోలేదు గాని, అసలు కారణం అది కాదు. బోస్ఫరస్ జలసంధికి ఇటు యూరప్‌లోనూ అటు ఆసియాలోనూ పరుచుకున్న ఆ నగరంలో కోటిన్నరకు పైగా జనం ఉన్నారు. వారిలో ఎందరో ప్రతి ఉదయమూ ఒక ఖండంలో నిద్రలేచి మరో ఖండానికి పనికి వెళ్లి, చీకటి పడేలోగా మళ్లీ ఇల్లు చేరుకుంటారు. ఆ రాకపోకలను దూరం నుంచి కాక, వాళ్ల మధ్యనే నిలబడి, వాళ్ల పక్కనే కూర్చుని చూడాలని మా ఇద్దరికీ కోరికగా ఉండేది. అమ్మకు అరవై ఆరేళ్లు. మోకాళ్ల నొప్పి వల్ల మెట్లు ఎక్కడం కష్టం. అందువల్ల ఏ స్టేషన్‌లో లిఫ్ట్ ఎటువైపు ఉందో, రైలు మారడానికి ఎంత దూరం నడవాలో అన్నవి ఈ ప్రయాణంలో నాకు దర్శనీయ స్థలాలంత ముఖ్యమైన విషయాలయ్యాయి.

నవంబరు మొదటి వారంలో, ఒక మధ్యాహ్నం విమానం దిగాం. విమానాశ్రయం నగరానికి చాలా దూరంగా, ఉత్తరాన నల్ల సముద్రపు తీరానికి దగ్గరలో ఉంది. అక్కడి నుంచి ఎం11 మెట్రో 2023లో మొదలైంది, 2024 జనవరిలో గైరెత్తెపె దాకా చేరింది. మెట్రో ప్రవేశద్వారం దగ్గరి యంత్రంలో ఇస్తాంబుల్‌కార్ట్ కొన్నాం. మెట్రో, ట్రామ్, బస్సు, తాడుతో కొండమీదికి లాగే రైలు, సముద్రం దాటించే ఫెర్రీ, అన్నింటికీ ఈ ఒక్క కార్డే చెల్లుతుంది. ఒకే కార్డును గేటు దగ్గర రెండుసార్లు ఆనించి ఇద్దరమూ వెళ్లవచ్చు గాని, కొన్ని మార్గాల్లో దిగేటప్పుడు ఛార్జీలో కొంత వెనక్కి ఇస్తారని విన్నందువల్ల లెక్కలో చిక్కు లేకుండా చెరొక కార్డు తీసుకున్నాం. మేము వాడిన యంత్రం చిల్లర తిరిగి ఇవ్వలేదు, పెట్టిన నోటు మొత్తాన్నీ కార్డులోకే ఎక్కించింది. కనుక చిన్న లీరా నోట్లు ముందుగానే దగ్గర ఉంచుకోవడం మంచిది. టికెట్ ధరలు తరచుగా మారుతూ ఉంటాయి కాబట్టి వాటిని ఇక్కడ రాయడం లేదు.

గైరెత్తెపె వరకు దాదాపు అరగంట పట్టింది. ఆ స్టేషన్ భూమిలో చాలా లోతున ఉంది. అక్కడ ఎం2 మార్గానికి మారాలంటే వరసగా ఎస్కలేటర్లు ఎక్కి, పొడవైన నడవాలో నడవాలి. సామాను లాగుతూ, అమ్మ కోసం మధ్యమధ్య ఆగుతూ వెళ్లేసరికి పావుగంట గడిచింది. ఆ నడవాలోనే ఈ నగరంలో మాకు అత్యవసరమైన మొదటి మాటలు నేర్చుకున్నాం. బోర్డుల మీద కనిపించే ‘అక్తర్మా’ అంటే మార్గం మారే చోటు. ‘చికిష్’ అంటే బయటికి దారి. ఈ రెండు మాటలూ గుర్తుపడితే భూగర్భంలో దారి తప్పడం కష్టమే.

ఎం2 రైలు తాక్సిమ్, షిష్‌హానె స్టేషన్లు దాటాక ఉన్నట్టుండి సొరంగంలోంచి వెలుతురులోకి వచ్చింది. రెండు వైపులా నీళ్లు కనిపించాయి. గోల్డెన్ హార్న్ అని లోకం పిలిచే, అక్కడివాళ్లు హలిచ్ అనే సముద్రపు పాయ మీద 2014లో తెరిచిన మెట్రో వంతెన అది, స్టేషన్ కూడా ఆ వంతెన నడుమే ఉంది. కిటికీలోంచి కొండ మీది మసీదుల గుమ్మటాలు, సన్నని మీనార్లు సాయంకాలపు ఎండలో కనిపించాయి. అంతసేపూ అలసటతో కళ్లు మూసుకున్న అమ్మ లేచి నిలబడి, రైలు మళ్లీ చీకట్లోకి దూరేదాకా చూస్తూనే ఉంది. యెనికాపిలో దిగి, మార్మరాయ్ రైలులో ఒక్క స్టేషన్ వెళ్లి సిర్కెజిలో బయటికి వచ్చాం. మా బస ఆ స్టేషన్ వెనక వీధిలోనే.

రెండో రోజు

సిర్కెజిలో బస చూసుకోవడం ఈ యాత్రలో మేము చేసిన మంచి పనుల్లో ఒకటి. ఒకప్పుడు ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ వచ్చి ఆగిన, 1890లో కట్టిన పాత రైలు స్టేషన్ అక్కడే ఉంది. దాని ముందే ట్రామ్, దాని కిందే మార్మరాయ్, నాలుగడుగులు వేస్తే ఎమినోను ఫెర్రీ రేవులు. ఉదయం ముందుగా ట్రామ్ ఎక్కాం. కబాతాష్ నుంచి బాజిలార్ వరకు వెళ్లే టీ1 మార్గం పర్యాటకులు చూడాలనుకునే పాత నగరాన్ని దాదాపు మొత్తం కలుపుతుంది. ఇస్తాంబుల్‌లో గుర్రపు ట్రాములు 1870ల తొలినాళ్లలోనూ, కరెంటు ట్రాములు 1914లోనూ వచ్చాయి. మోటారు వాహనాల కోసం యూరప్ వైపు ట్రాములను 1961లో, ఆసియా వైపు 1966లో పూర్తిగా ఎత్తివేశారు. మూడు దశాబ్దాల తరువాత, వీధులు కార్లతో నిండిపోయాక, 1992లో మళ్లీ కొత్త పట్టాలు వేసి టీ1ను మొదలుపెట్టారు. ఒక నగరం తాను తీసేసినదాన్ని తిరిగి వెతుక్కోవలసి రావడం నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది.

గుల్హానె దగ్గర ట్రామ్ కోట గోడను రాసుకుంటూ, ఇరుకైన వీధిలో మలుపు తిరుగుతూ పైకెక్కుతుంది. పాదచారులకూ ట్రాముకూ మధ్య జానెడు దూరం ఉన్నట్టు అనిపిస్తుంది. డ్రైవరు గంట మోగిస్తాడు, జనం కంగారు పడకుండా ఒక అడుగు పక్కకు జరుగుతారు. సుల్తానహ్మెత్‌లో దిగితే ఒక పక్క అయాసోఫ్యా (హగియా సోఫియా), మరో పక్క నీలి మసీదు. వాటి గురించి రాసినవాళ్లు ఎందరో ఉన్నారు కాబట్టి నేను మళ్లీ ట్రామ్ దగ్గరికే వస్తాను. తిరిగి వచ్చేటప్పుడు బోర్డు చూడకుండా బాజిలార్ వైపు ట్రామ్ ఎక్కి మూడు స్టాపులు వ్యతిరేక దిశలో వెళ్లాం. స్టాపులో ప్లాట్‌ఫాం ఏ వైపుదో చెప్పేది చివరి స్టేషన్ పేరే కనుక, ప్రతి మార్గానికీ రెండు కొసల పేర్లు కంఠతా పట్టాలని అప్పుడు తెలిసింది. ఆ రాత్రి అమ్మ వాటిని ఒక కాగితం మీద తెలుగులో రాసుకుని పర్సులో పెట్టుకుంది.

గలతా వంతెన మీదుగా ట్రామ్ వెళ్తున్నంతసేపూ కటకటాల పొడవునా చేపలు పట్టేవాళ్ల గాలాలు బారులు తీరి కనిపించాయి. వంతెన దాటగానే కరాకోయ్. అక్కడి నుంచి పైనున్న బెయోలుకు నిట్టనిలువు చడావు. 19వ శతాబ్దంలో రేవు దగ్గరి వ్యాపారస్థులు రోజూ ఆ మెట్ల వీధిలో ఎక్కుతూ దిగుతూ ఉండటం చూసిన యూజీన్ ఆన్రీ గవాన్ అనే ఫ్రెంచి ఇంజనీరు కొండ లోపలి నుంచి రైలు వేద్దామని ప్రతిపాదించాడు. 1875 జనవరి 17న మొదలైన ఆ ట్యూనెల్, లండన్ భూగర్భ రైలు తరువాత నగర ప్రయాణికుల కోసం ప్రపంచంలో తెరిచిన రెండో భూగర్భ రైలు మార్గం. పొడవు 573 మీటర్లు. మొదట్లో ఆవిరి యంత్రంతో తాడును లాగేవారు. పెట్టెలు చెక్కవి, మనుషులతో పాటు పశువులనూ సరుకులనూ కూడా అందులోనే ఎక్కించేవారు. ఇప్పటి బండికి కరెంటు, రబ్బరు చక్రాలు 1971లో వచ్చాయి. ఎక్కి కూర్చున్నాక నిమిషంన్నరలో పైన దిగాం. అమ్మ ఆ చడావును కాలినడకన ఎక్కగలిగేది కాదు. దాదాపు నూటయాభై ఏళ్ల క్రితం ఎవరి అలసటనో చూసి తలపెట్టిన పని ఈనాడు మా అమ్మ మోకాళ్లకు ఉపకరించిందని ఆ ఇంజనీరును తలుచుకున్నాను.

పైన ఇస్తిక్లాల్ వీధిలో ఎర్రని చిన్న పాతకాలపు ట్రామ్ జనం మధ్య నడక వేగంతో తాక్సిమ్ దాకా వెళుతుంది. దూరం ఒకటిన్నర కిలోమీటరుకు కాస్త ఎక్కువ. దీన్ని 1990లో తిరిగి తెచ్చారు. రవాణా అవసరం కంటే జ్ఞాపకం కోసం నడుస్తున్న బండిలా అనిపించింది. పెట్టెలు చిన్నవి, ఎక్కాలనుకునేవాళ్లు ఎక్కువ, మేము రెండు ట్రాములు వదులుకున్నాం. తాక్సిమ్ నుంచి కబాతాష్‌కు 2006లో వేసిన మరో తాడు రైలు కిందికి దించుతుంది. అక్కడ మళ్లీ టీ1. కొండ ఎక్కి, వీధి దాటి, కొండ దిగి, రేవు వెంట బసకు చేరిన ఆ చుట్టులో నాలుగు రకాల బళ్లు ఎక్కాం. ఎక్కడా మెట్ల వీధి ఎక్కవలసిన పని పడలేదు.

మూడో రోజు

ఈ రోజు కోసమే నేను ఇంత దూరం వచ్చానేమోనని ఇప్పుడు అనిపిస్తోంది. ఎమినోనులో పక్కపక్కనే చాలా రేవులు ఉన్నాయి. రేవును ‘ఇస్కెలె’ అంటారు. ఏ రేవు నుంచి ఎక్కడికి వెళతారో పైన పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. పర్యాటకులను పిలిచి విహారయాత్రలు అమ్మేవాళ్లు దారిలో కొందరు ఎదురవుతారు. వాళ్లను దాటుకుని కాదికోయ్ ఇస్కెలె గేటు దగ్గర మెట్రోకు వాడిన కార్డునే ఆనించి లోపలికి వెళ్లాం. నగర రవాణాలో ఫెర్రీ కూడా ఒక బస్సులాంటిదే అన్న మాట చదివి తెలుసుకోవడం వేరు, ఆఫీసు సంచులతో, బడి పుస్తకాలతో, కూరగాయల బుట్టలతో జనం మన వెనక తొందరపడుతుంటే గేటు దాటడం వేరు. జలసంధి ఊళ్లను కలుపుతూ ఆవిరి పడవలు నడపడానికి షిర్కెతి హైరియె అనే సంస్థ 1851లోనే ఏర్పడింది. వంతెనలు లేని ఆ కాలంలో ఇక్కడి ప్రధాన రహదారి నీళ్లే. ఇప్పటికీ ఆ దారి పాతబడలేదు.

పడవ కదిలిన కాసేపటికి పళ్లెం నిండా టీ గ్లాసులతో ఒకాయన వరసల మధ్య తిరిగాడు. నడుము సన్నగా ఉండే చిన్న గాజు గ్లాసు, ఎర్రటి టీ, సాసరులో రెండు చక్కెర బిళ్లలు. వెనక తట్టు మీద నువ్వులద్దిన సిమిట్ రొట్టెను ముక్కలు చేసి కొందరు గాలిలోకి విసురుతుంటే సీగల్ పక్షులు అందుకుంటున్నాయి. మేమూ మాలాంటి పర్యాటకులూ కటకటాలను పట్టుకుని నిలబడితే, నగరవాసులు చాలామంది లోపలి వరుసల్లో కూర్చుని పేపరు చదువుకుంటున్నారు, కునుకు తీస్తున్నారు, అల్లుకుంటున్నారు. అంత సముద్రం పక్కన పెట్టుకుని ఎలా చదవగలుగుతున్నారని అమ్మ ఆశ్చర్యపోయింది. ఈ ఇరవై నిమిషాలే వాళ్లకు రోజులో దొరికే తీరిక అయి ఉంటుందని నేనన్నాను.

కాదికోయ్ దగ్గర పడుతుండగా నీళ్ల అంచున హైదర్‌పాషా స్టేషన్ కనిపిస్తుంది. జర్మన్ వాస్తుశిల్పుల రూపకల్పనతో 1908లో తెరిచిన ఈ భవనం సముద్రపు నేలలో దిగగొట్టిన వెయ్యికి పైగా కొయ్య మొద్దుల మీద నిలబడి ఉంది. ఆసియా వైపునున్న అనతోలియా నుంచి రైలులో వచ్చినవాళ్లు దాని మెట్లు దిగి, ఎదురుగా నీళ్లకు ఆవల ఇస్తాంబుల్‌ను మొదటిసారి చూసి, ఫెర్రీ ఎక్కేవారు. 2010లో అగ్నిప్రమాదంలో దాని పైకప్పు దెబ్బతింది. ఇప్పుడు దూరప్రయాణపు రైళ్లు అక్కడికి రావడం లేదు. రైలు దిగగానే పడవ ఎక్కే ఆ సంధిస్థానం మూగబోయి ఉండటం చూస్తే బాధ కలిగింది.

కాదికోయ్ బజారులో గడిపి, మోదా వీధుల్లో గుండ్రంగా తిరిగే చిన్న ట్రామ్ ఎక్కి, మధ్యాహ్నం ఉస్కుదార్‌కు దోల్ముష్‌లో వెళ్లాం. దోల్ముష్ అంటే నిండినది అని అర్థం. సీట్లు నిండితేనే కదిలే, పలువురు కలిసి ఎక్కే బండి ఇది, దీనికి నగదు ఇవ్వాలి. వెనక కూర్చున్నవాళ్లు డబ్బును ముందువాళ్లకు అందిస్తారు, అది చేతులు మారుతూ డ్రైవరు దగ్గరికి చేరుతుంది, చిల్లర అదే దారిలో వెనక్కి వస్తుంది. నా చేతికి ఎవరిదో నోటు వచ్చినప్పుడు, ‘ఉజాతిర్ మిసినిజ్’ అన్న మాట వినిపించింది. కాస్త అందిస్తారా అని దాని అర్థమట. పరాయి దేశంలో అపరిచితుల డబ్బు నా చేతిమీదుగా వెళ్లడం నాకు ఎంతో ఆప్యాయంగా తోచింది. దిగవలసిన చోట ‘ఇనెజెక్ వార్’, అంటే దిగేవాళ్లున్నారు, అని గట్టిగా చెప్పాలి. రెండు మూడు సార్లు మనసులో అనుకుని, మా వంతు వచ్చినప్పుడు అన్నాను. బండి ఆగింది.

ఉస్కుదార్ నుంచి తిరుగు ఫెర్రీలో సూర్యాస్తమయం చూశాం. పాత నగరపు గుమ్మటాల వెనక ఎర్రదనం పరుచుకుని, తరువాత ఒక్కొక్క మీనారు మీద దీపాలు వెలిగాయి. దీన్ని చూడటానికి మేము చెల్లించింది మామూలు టికెట్ ఛార్జీ మాత్రమే.

నాలుగో రోజు

నిన్న నీటి మీదుగా ఖండం దాటాం. ఈ రోజు ఒకసారి నీటి కిందుగా, మరోసారి నీటికి పైనుంచి దాటాలని అనుకున్నాం.

నీటి కింద దారి మార్మరాయ్. సముద్రం అడుగున రైలు సొరంగం వేయాలన్న ఆలోచనను ఒట్టోమన్ పాలకుల కాలంలో, 1860లోనే, ఒక ఫ్రెంచి ఇంజనీరు పటంగా గీసి చూపించాడు. అది నిజం కావడానికి 153 ఏళ్లు పట్టింది. 2013 అక్టోబరు 29న, తుర్కియే (టర్కీ) గణతంత్రానికి 90 ఏళ్లు నిండిన రోజున, దాన్ని తెరిచారు. జలసంధి కింద సొరంగం తవ్వలేదు. ఒడ్డున పోతపోసిన 11 కాంక్రీటు గొట్టాలను నీటిలో తేలుస్తూ తెచ్చి, సముద్రగర్భంలో తీసిన కందకంలోకి దించి, ఒకదానికొకటి అతికించారు. ఆ గొట్టపు భాగం పొడవు దాదాపు 1.4 కిలోమీటర్లు. అత్యంత లోతైన చోట నీటిమట్టానికి సుమారు 60 మీటర్ల దిగువన ఉంది. పెద్ద భూకంపాలు పుట్టించే ఉత్తర అనతోలియా పగులు దక్షిణాన మార్మరా సముద్రం అడుగున, అంత దూరం కాని చోటనే ఉంది కనుక, ప్రకంపనలకు తట్టుకునేలా అతుకులను వంగే విధంగా రూపొందించారు.

ఈ పని ఆలస్యం కావడానికి మరో కారణం కూడా ఉంది, నాకు అదే ఎక్కువ ఆసక్తికరంగా తోచింది. యెనికాపి స్టేషన్ కోసం 2004లో తవ్వకాలు మొదలుపెట్టినప్పుడు, మట్టితో పూడిపోయిన బైజాంటైన్ సామ్రాజ్య కాలపు థియోడోసియస్ రేవు బయటపడింది. 5వ శతాబ్దం నుంచి 11వ శతాబ్దం వరకు వేర్వేరు కాలాలకు చెందిన 37 ఓడల శిథిలాలు దొరికాయి. ఇంకా కిందికి వెళితే 8 వేల ఏళ్లకు పూర్వపు మనుషుల నివాసాల ఆనవాళ్లు, పాదముద్రలు కూడా కనిపించాయి. పురావస్తు శాస్త్రవేత్తల పని కోసం రైలు పని ఏళ్ల తరబడి ఆగింది. మొదటి రోజు సామాను లాగుతూ ఆ స్టేషన్‌లో నడిచినప్పుడు మాకు ఇది తెలియదు. అందుకే ఈ ఉదయం కేవలం మళ్లీ ఒకసారి అక్కడ నిలబడటానికి సిర్కెజి నుంచి యెనికాపికి వెళ్లి, అక్కడి నుంచి ఆసియా వైపు రైలెక్కాం.

సిర్కెజి నుంచి ఉస్కుదార్‌కు నాలుగు నిమిషాలు. రైలు చప్పుడు కొంచెం మారిందేమో అనిపించింది, చెవులు కాస్త బిగుసుకున్నట్టు ఉంది, అంతే. బయట చీకటి. పక్కన కూర్చున్న అబ్బాయి ఫోను మీంచి తల ఎత్తలేదు. నిన్న ఇరవై నిమిషాలు పట్టిన దాటును నాలుగు నిమిషాల్లో ముగించగలగడం, తుఫానైనా మంచైనా ఆగకుండా నడవగలగడం ఈ నగరవాసులకు ఎంత గొప్ప వరమో నేను ఒప్పుకుంటాను. పర్యాటకులు మాత్రం ఒక్కసారి దీనిలో వెళితే చాలు. తక్కిన ప్రతిసారీ ఫెర్రీయే ఎక్కాలని నా అభిప్రాయం. మార్మరాయ్ ఎక్కేటప్పుడు గేటు గరిష్ఠ ఛార్జీ తీసుకుంటుంది. దిగాక బయటి గేటు దగ్గర వేరుగా ఉండే యంత్రానికి కార్డు ఆనిస్తే, ప్రయాణించని దూరం డబ్బు తిరిగి జమ అవుతుంది. మొదటి రోజు ఆ యంత్రాన్ని గమనించక ఆ డబ్బు పోగొట్టుకున్నాం. ఈ రోజు అమ్మే ముందు దాన్ని చూసి నాకు చూపించింది.

మార్మరాయ్‌లోనే ఇంకా రెండు స్టేషన్లు వెళ్లి సొయుత్లుచెష్మెలో దిగాం. నీటికి పైనుంచి వెళ్లే మెట్రోబస్ అక్కడే మొదలవుతుంది. నగరం నడుమ పెద్ద రహదారి మధ్యలో తమకంటూ విడిగా వేసిన దారిలో ఈ పొడవాటి బస్సులు ఒకదాని వెనక ఒకటి వెళుతూ ఉంటాయి. 2007లో మొదలై, 2009లో వంతెన దాటి ఆసియాకు వచ్చిన ఈ మార్గం ఇప్పుడు 50 కిలోమీటర్లకు పైగా ఉంది. తుర్కియేలో వాహనాలు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి. మెట్రోబస్‌లు మాత్రం తమ దారిలో ఎడమవైపున నడుస్తాయి. స్టేషన్లు రెండు దారుల మధ్యలో ఉండగా, బస్సులకు తలుపులు కుడివైపునే ఉండటం దీనికి కారణం. వంతెన మీద మాత్రం మామూలు వాహనాలతో కలిసి మామూలు పక్కకే వస్తాయి.

అమ్మ కార్డులో డబ్బు చాలక గేటు ఎర్ర దీపం చూపించింది. వెనక వరస పెరుగుతోంది. నేను యంత్రం కోసం వెతుకుతుండగా, ఒక నడివయసు ఆవిడ ముందుకు వచ్చి తన కార్డు ఆనించి అమ్మను లోపలికి పంపింది. నోటు ఇవ్వబోతే అరచేతిని గుండెలకు ఆనించి వద్దన్నది. బస్సులో అప్పటికే జనం నిండారు, ఒక కుర్రాడు లేచి ‘బుయురున్ తెయ్‌జె’ అంటూ అమ్మకు చోటిచ్చాడు. తెయ్‌జె అంటే అమ్మ అక్కచెల్లెలు, అంటే మనకు పెద్దమ్మో పిన్నో. ముక్కూ మొహం తెలియని పెద్దావిడను ఆ వరసతో పిలవడం అక్కడ సహజమట. ఆ మాటకు అర్థం చెప్పినప్పుడు అమ్మ ముఖం వెలిగిపోయింది, ఆ కుర్రాడు దిగేదాకా అతని సంచిని తన ఒళ్లో పెట్టుకుంది.

తరువాత వంతెన వచ్చింది. 1973 అక్టోబరు 30న తెరిచిన ఈ తొలి బోస్ఫరస్ వంతెనకు 2016లో జూలై 15 అమరవీరుల వంతెన అని పేరు మార్చారు. రెండు గోపురాల మధ్య 1,074 మీటర్లు, నీటికి 64 మీటర్ల ఎత్తు. కింద సరుకుల ఓడ ఒకటి నల్ల సముద్రం వైపు వెళుతోంది, దాని పక్కన నిన్న మేము ఎక్కినలాంటి ఫెర్రీ అగ్గిపెట్టెంత కనిపించింది. వాహనాలు ఒత్తుగా ఉండటంతో బస్సు నెమ్మదిగా కదిలింది. తక్కిన ప్రయాణికులు విసుగుపడ్డారు, మాకు మాత్రం చూడటానికి కొంత వ్యవధి చిక్కింది. జింజిర్లికుయులో దిగి, భూగర్భ నడవాలో గైరెత్తెపె మెట్రోకు చేరుకున్నాం. మొదటి రోజు మేము అలసిపోయి నిలబడిన స్టేషన్ అది. ఈసారి దారి ఎవరినీ అడగలేదు.

ఐదో రోజు

మార్మరా సముద్రంలోని దీవులకు వెళ్లాలని ఈ రోజును కేటాయించుకున్నాం. ప్రైవేటు మోటారు వాహనాలు తిరగని, 2020లో గుర్రపు బళ్లను కూడా మాని కరెంటు బళ్లు ప్రవేశపెట్టిన ఆ దీవులకు కూడా నగర ఫెర్రీలే వెళతాయి. ఉదయం రేవుకు వెళ్లేసరికి గేట్లు మూసి ఉన్నాయి. లోదోస్ అనే నైరుతి గాలి రాత్రి నుంచి వీస్తోంది. ఆ గాలి లేచినప్పుడు అలలు రేవు గోడల మీద ఎగసిపడతాయి, ఫెర్రీలు ఆపేస్తారు. దీవులవాళ్లకు అలాంటి రోజుల్లో ఇళ్లు చేరడానికి వేరే దారి లేదు. పెట్టెలు, సంచులు పక్కన పెట్టుకుని బోర్డు వైపు చూస్తూ కొందరు అక్కడే నిలబడి ఉన్నారు. కాదికోయ్ వెళ్లవలసినవాళ్లు మాత్రం ఒక్క నిట్టూర్పు విడిచి సిర్కెజి వైపు తిరిగి, మార్మరాయ్ మెట్లు దిగారు. సముద్రపు అడుగున ఆ దారి ఎందుకు అవసరమో ఆ గుంపు వెనక నిలబడి చూస్తే పూర్తిగా అర్థమైంది. నిన్న దాని గురించి తేలికగా అన్న మాటను ఇక్కడ సవరించుకుంటున్నాను.

దీవులను చూడలేకపోయామన్న వెలితి ఉంది. దానికి బదులుగా ఎమినోను నుంచి హలిచ్ ఒడ్డు వెంట వెళ్లే టీ5 ట్రామ్ ఎక్కాం. 2021 మొదటి రోజున ప్రారంభమై 2023లో ఎమినోను దాకా వచ్చిన ఈ మార్గానికి తలపైన తీగలు లేవు. పట్టాల మధ్య నేలలో పరిచిన మూడో పట్టీ నుంచి విద్యుత్తు తీసుకుంటుంది. ట్రామ్ పైన ఉన్న ముక్కకు మాత్రమే కరెంటు వస్తుంది కాబట్టి దాటేవాళ్లకు ప్రమాదం లేదు. తీగలు లేకపోవడంతో ఫెనెర్, బాలాత్ పేటల పాత ఇళ్లూ కోట గోడలూ అడ్డు లేకుండా కనిపించాయి. ఎయూప్‌లో దిగి అక్కడి తాడుకు వేలాడే ఊయల బళ్లలో, విశాలమైన పాత శ్మశానం మీదుగా కొండపైకి వెళదామనుకుంటే, గాలి వల్ల అదీ ఆపారు. మసీదు ముంగిట కాసేపు కూర్చుని, అదే ట్రామ్‌లో తిరిగి వచ్చాం. మధ్యాహ్నమంతా వాన కురిసింది.

ఆరో రోజు

తెల్లవారేసరికి గాలి తగ్గింది. విమానం రాత్రికి గనుక, ఆఖరిసారిగా కాదికోయ్ వెళ్లి ఉదయపు టిఫిను అక్కడే చేద్దామని అమ్మ అన్నది. ఎమినోను రేవులో నిన్న ఆగిపోయినవాళ్లంతా ఈ రోజే కదిలినట్టు జనం కిక్కిరిసి ఉన్నారు. నేను కార్డుల్లో మిగిలిన డబ్బు చూసుకోవడానికి యంత్రం దగ్గర ఆగాను. సాయంత్రం ఎం2, ఎం11 రెండింటికీ సరిపోవాలి, విమానాశ్రయపు మార్గానికి ఛార్జీ ఎక్కువ.

తిరిగి చూస్తే, తలకు గుడ్డ కట్టుకుని రెండు చేతుల్లోనూ సంచులున్న ఒక ముసలావిడ అమ్మను ఏదో అడుగుతోంది. దూరపు ఊరి నుంచి వచ్చినట్టుంది, రేవుల పేర్లు చదవలేక నాలుగు గేట్ల మధ్య తికమకపడుతోంది. ఆమె మాటల్లో అమ్మకు తెలిసినది ఒక్కటే. అమ్మ తల ఊపి, ‘ఎవెత్, కాదికోయ్’ అని, ఆమె చేతిలోని ఒక సంచి అందుకుని, మూడో గేటు వైపు నడిచింది. నేను వెళ్లి కలుసుకునేసరికి ఇద్దరూ లోపలి వరుసలో పక్కపక్కన కూర్చుని ఉన్నారు. టీ ఆయన వస్తుంటే అమ్మ మూడు వేళ్లు చూపించింది.